ఎఫ్రాయిము బాబాయి డ్రమ్ము కింది రుమాలు

అధ్యక్షులు పాస్టరు గారికి, సంఘం పెద్దలకు, బ్యాండు అన్నయ్యలకు, వంటగదిలో గంబో పులుసు కలుపుతూ తలుపు తీసిపెట్టుకుని వింటున్న అక్కలకు నమస్కారం. నలుగురిలో నిలబడితే నాకు గొంతు పెగలదు. అందుకని కాయితం మీద రాసి, చదివే పని మన కార్యదర్శి థాడియస్ అన్నయ్యకు అప్పగించాను. నేను చదివింది మూడో తరగతి దాకానే. తప్పులూ వంకర రాతా మన్నించి, అన్నయ్యా, మీరే సర్దుకుని చదవాలి.

ఇవాళ మనం సాగనంపుతున్న ఎఫ్రాయిము బాబాయి మా పక్కింటాయన. న్యూ ఆర్లీన్స్‌లో మన సంఘం వాళ్ళు ఎవరు పోయినా ముందు నడిచేది ఆయన డ్రమ్మే. శ్మశానానికి వెళ్ళేటప్పుడు డ్రమ్ము కింది తీగల్లో రుమాలు దూర్చి దాని గొంతు నొక్కుతారు. మనిషిని మట్టిలో పెట్టి గేటు దాటాక ఆ రుమాలు లాగేసి ఒక్క దెబ్బ వేస్తారు, అప్పటిదాకా ఏడ్చినవాళ్ళు కూడా గొడుగులు విప్పి ఇంటిదాకా గంతులేస్తారు. ఆ రుమాలు ఉతికేది నేను.

మా అరుగు మీద మొదటిసారి బ్యాండు కూడిన సోమవారం మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. పొయ్యి మీద ఎర్ర చిక్కుళ్ళు, తొట్టిలో ఊరివాళ్ళ బట్టలు. క్లారినెట్ వాయించే నార్సిస్ గారు పాట రాసిన కాయితం ఎదురుగా పెట్టుకుని, మా ఆయన్ని చూపించి, "ఈయనకు కాయితం చదవడం రాదు, ఈయనతో నేనెలా వాయించను?" అన్నారు. మా ఆయన తన కార్నెట్ బూర తుడుచుకుంటూ, "గాలికి కాయితం ఎగిరిపోతే ఆయన ఊపిరీ దాంతోనే పోతుంది" అన్నాడు. బాబాయి పుల్లలు ఎత్తి, "అరిచింది చాలు. నా ఎడం చెయ్యి పటాలం నడక. కుడి చెయ్యి మా నాయనమ్మది, బానిసల కాలంలో ఆదివారాలు మైదానంలో డప్పుల ముందు కూర్చున్న మనిషి. ఈ రెండూ ఒక్క డ్రమ్ము మీద కాపురం చేస్తున్నాయి, మీకేం రోగం?" అని మొదలుపెట్టారు.

నార్సిస్ గారు కాయితంలో ఉన్న పాట పట్టుకున్నారు. చర్చిలో పాస్టరు గారి మాటకు అక్కలు సాగదీసి బదులు పలికినట్టు, మా ఆయన కార్నెట్‌తో ఆ పాట చుట్టూ తిరిగాడు. తొట్టి దగ్గర నా చేతులు కూడా ఆ దెబ్బకే ఆడాయి, చొక్కా రెండు ముక్కలైంది. అది నార్సిస్ గారి ఆదివారం చొక్కా. (అన్నయ్యా, ఇక్కడ కాస్త ఆగండి, నవ్వనివ్వండి.) ఆయన దాన్ని చూసి, "చిరిగితే చిరిగింది, మళ్ళీ వాయించండి" అన్నారు. ఆ వాయింపుకు ఇప్పుడు ఊళ్ళో తలా ఒక పేరు పెడుతున్నారు. మా ఇంట్లో మాత్రం అది సోమవారం పాటే.

ఇప్పుడు బాబాయికి మోకాళ్ళు మొరాయించాయి. మా ఆయన చెక్కతో ఒక తొక్కుడు చేశాడు. కుర్చీలో కూర్చుని పెద్ద డ్రమ్ము కాలితో, చిన్నది చేతులతో వాయించవచ్చు. శనివారం నాట్యాలకు వాయించడానికి ఊరేగింపులోలా నడవక్కర్లేదు. "కూర్చుని తొక్కడానికి నేనేం దర్జీనా? డ్రమ్ము అటకెక్కిస్తాను" అన్నారు బాబాయి. అందుకే ఇవాళ ఈ వీడ్కోలు సభ. ఆయన మెట్ల మీద పుల్లలు ఆడిస్తేనే మా పాప నిద్రపోయేది. ఆ మెట్లు మూగబోయి కొన్ని వారాలైంది. పాపకూ నిద్ర లేదు, మాకూ లేదు. ఈ ఉదయం వచ్చి, "ఇస్త్రీ చేసిన రుమాలు ఇవ్వమ్మా, ఇవాళ నా డ్రమ్ముకే శవయాత్ర" అని పట్టుకెళ్ళారు. నేను లోపలికి వెళ్ళి ఏడ్చాను, ఏడ్చాక కోపం వచ్చింది.

బాబాయీ, ఈ హాల్లో ఎవరినీ మట్టిలో పెట్టలేదు. తెర వెనక ఆ తొక్కుడూ కుర్చీ పెట్టించాను, మెత్త నేనే కుట్టాను. ఆ రుమాలు లాగి నాకిచ్చేయండి. రేపు సోమవారం, ఉతకాలి.

ఓపిగ్గా విన్న పెద్దలందరికీ దండాలు. థాడియస్ అన్నయ్యా, బాబాయి మొదటి దెబ్బ వెయ్యగానే ఈ కాయితం గంబో పొయ్యిలో పడేయండి, నా రాత ఇంకొకరి కంట పడకూడదు. సెలవు.