మంచు ఇంటికో చిల్లు

హలో… ఆ, నేనే. సింగపూర్‌లో మీ యీషున్ ఫ్లాట్‌కి కాపలా ఉన్న మామగారినే. చెప్పండి అల్లుడుగారూ, జపాన్‌లో మంచు తెల్లగానే ఉందా?

…

అబ్బో! మంచు ఇల్లు కట్టేశారా? ముగ్గురూ పట్టేంత? సైన్స్ పార్క్ ఆఫీసులో ఏసీ కింద కూచునే చేతులు పార పట్టాయంటే అదే పెద్ద వింత.

…

ఏంటీ, స్థలానికి టిష్యూ ప్యాకెట్ పెట్టి చోప్ చేశారా? హాకర్ సెంటర్‌లో టేబుల్ ఆపుకున్నట్టు? … గాలికి ఎగిరిపోయిందా! … ఆహా, గొడుగు పాతారూ. అయినా ఆ అడవిలో మీతో పోటీకి ఎవరొస్తారండీ, నక్కలా?

…

అవునవును. లారీలో మామిడికాయలేసుకుని కాశ్మీరం వెళ్లి, పదకొండు రోజులు మంచు ఇంట్లో కాపురం ఉన్నానని చెప్పాను. … దాన్ని స్లైడ్లు చేశారా? ఆఫీసులో చూపించారా! … 'చీమ దూరే సందు ఉండకూడదు'… ఆ, ఆ మాట నాదే. బాగా కుదిరింది కదూ?

…

తలుపు కూడా మంచుతో మూసేశారా? … లోపలున్నారా, ముగ్గురూ? … గ్యాస్ స్టవ్ మీద సాంబారా!

మా మనవరాలు కీర్తిక ఏదీ, మాట వినపడదేం? … తలనొప్పా? … నిద్రొస్తోందంటోందా? సాయంత్రం నాలుగింటికే?

అల్లుడుగారూ, ఆ స్టవ్ ఆర్పండి.

… ముక్క ఉడక్కపోతే పోయింది, ఆర్పండి! తలుపు తన్నేసి పిల్లని బయటికి తీసుకురండి.

… వెచ్చదనం పోతే పోనీండి! … నేనే చెప్పానా? నేను చెప్పింది అబద్ధమండీ. కాశ్మీరం లేదు, పాడూ లేదు. నా లారీ బెజవాడ దాటలేదు. నేను మంచు చూసింది మీ ఫ్రిజ్‌లోనే!

… నవ్వకండి. … పిల్ల ఏమంటోంది? 'తాతయ్య జోకింగ్ లా'నా? … అయ్యో, ఫోను అరుణశ్రీకివ్వండి.

అమ్మడూ, నువ్వు పుట్టినప్పుడు బాలింత గదిలో బొగ్గుల కుంపటి పెట్టాం. చలిగాలి తగలకూడదని కిటికీ బిగించేశాం. మీ అమ్మకి తలనొప్పన్నారు, తర్వాత స్పృహే లేదు. మంత్రసాని వచ్చి కిటికీ తెరిచి, నన్ను తిట్టిన తిట్టు తిట్టకుండా… 

— ఇదీ కథేనా? కూతురివి, నువ్వూ నమ్మవా?

… సరే. ఫోను ఆయనకే ఇవ్వు.

అల్లుడుగారూ, మీ స్లైడ్లలో ఒకటి తప్పిపోయింది. నాలుగోరోజు నేనూ ఇలాగే మొత్తం మూసి పొయ్యి వెలిగించా. తల పగిలిపోతోంది. అప్పుడొచ్చిందండీ ఎలుగుబంటి, ఏడడుగులది… 

— రాసుకుంటున్నారా? ముందు స్టవ్ ఆర్పి రాసుకోండి. … ఆర్పారా? … ఆ.

అది తలుపు ఊడబెరికి, నా కాలు పట్టుకుని బయటికీడ్చింది. మీరూ అలాగే, ముందు పిల్లని… ఆ, తొయ్యండి, కూలితే కూలనీండి! … తర్వాత కప్పు మీద పంజాతో ఇంత చిల్లు పొడిచింది. చిల్లు లేని ఇంట్లో పడుకోవద్దంది. లోపల వంట అసలే వద్దంది. … ఏ భాషా? తెలుగే. కాస్త గోదావరి యాస.

… వచ్చేశారా బయటికి? ముగ్గురూ?

కీర్తికా! బంగారం! గాలి గట్టిగా పీల్చు. ఇంకోసారి. … తల? … తగ్గుతోందా? … అమ్మ మొహం కనపడుతోందా బాగా? … ఆ.

మీ నాన్నకి చెప్పు, దారిలో డాక్టరుకి చూపించి హోటలుకి పొమ్మన్నానని. … ఎలుగుబంటే చెప్పిందను, వింటాడు.

… దాని పేరా? వెంకటసుబ్బయ్య.

… నా గొంతుకేమైందీ? … ఏం లేదమ్మా. ఇక్కడ యీషున్‌లోనూ పొద్దుట్నుంచి ఒకటే మంచు. మోకాళ్లదాకా పడింది. చలికి వణుకు. అంతే.

ఉంటా.