పెంటయ్య అనే పేరు

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన ఏడు. పెద్దలు లోపల సంబంధం మాట్లాడుకుంటున్నారు. కాజీపేట రైల్వేలో ఇంజనుకు బొగ్గు వేసే అతనూ, వరంగల్ మిషన్ దవాఖానలో నర్సుగా ఉన్న ఆమే వరండాలో నిలబడ్డారు.

“మీ పేరు ఇన్నంకనే నేను ఒద్దన్న,” అన్నది ఆమె.

“మీకంటె ముందు ఇద్దరు గట్లనే అన్నరు.”

“పెంటయ్య అంటే పెంటకుప్పే యాదికొస్తది గద.”

“నాకంటె ముందు పుట్టినోళ్లు ముగ్గురు పోయిండ్రు. నన్ను పెంట మీద పండవెట్టి తీస్కున్నదట అమ్మ. గసుంటి పోరన్ని సావు ముట్టదని.”

“బాప్తిస్మమప్పుడు మార్చుకోవచ్చు గద.”

“అయ్యగారు సొలొమోను అన్నడు. అమ్మకు నోరు తిరుగలే.”

ఆమె నవ్వలేదు.

“దవాఖానల రోగుల పేర్లు పిలిచేది నేనే. పెంటయ్యలు మస్తుగ వస్తరు.”

“ఎట్లుంటరు?”

“బతికి ఉంటరు.”

“అయినా పెండ్లయితే నా పేరుతోని మీకేం పని? మొగని పేరు ఎవ్వరు పిలుస్తరు?”

ఆమె ఆలోచనలో పడింది. లోపలి నుంచి చాయ్‌కి రమ్మన్నారు. ఈ సంబంధమూ తప్పిపోయిందనుకుంటూ అతను గడప వైపు కదిలాడు.

“పెంటయ్యా.”

అతను ఆగాడు. “ఏంది?”

“ఏం లేదు. పెండ్లయినంక మల్ల పిలిచే మోకా దొరకదు గద.”