అంగారకుని మీద ఇండ్లు

"మోరీ పైపు పక్కకే నల్లా పైపు ఏయించింది నువ్వే అన్నా. నల్లా నీళ్లల్ల మురుగు కలిసి నా బిడ్డ కామెర్లతోని పండింది."

ఛత్రినాక గల్లీలో బోనాల పండుగ పొద్దు. అంగారక గ్రహం గురించిన ప్రదర్శనకు రిబ్బన్ కత్తిరించడానికి వచ్చిన లీడర్‌ను ఒకామె బిందె అడ్డం పెట్టి ఆపింది.

"పండుగ పూట లొల్లి ఎందుకక్కా? లోపలికి రా, రేపు మనుషులు అంగారకుని మీద ఇండ్లెట్ల కడతరో చూడు."

"ముందు బోనం ఏ నీళ్లతోని వండాలెనో చెప్పు."

"ఈసారికి వాటర్ క్యాన్ తెచ్చుకో."

"అమ్మోరికి ఇంటి నీళ్లతోనే వండుతం. మరి ఆడ నీళ్లున్నయా?"

"మంచు ఉందంట, కరిగిచ్చుకుంటరు."

"దాంట్ల గూడ మోరీ కలుపుతరు. ఒక్క గల్లీల రెండు పైపులు సక్కగ ఏయరానోళ్లు ఇంకో లోకంల ఊరు కడతరా?"

"రేపు పైపులు సక్కజేసెటోళ్లను పంపిస్త."

"రేపు గాదు. ఆ కత్తెర పక్కకు పెట్టి ఇప్పుడే గల్లీ తవ్వించు. నీళ్లొచ్చినంక మొదటి గ్లాసు నా ముందట నువ్వు తాగు."