శనివారం మేడం గారి అసంపూర్ణ చిత్రం

1996వ సంవత్సరం జూన్ మూడవ తేదీ సోమవారం ఉదయం మా మ్యూజియం ఉపన్యాస విభాగంలో సహాయకురాలిగా బాధ్యతలు స్వీకరించి, అదే విభాగానికి అధికారిణిగా ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్న మన మేడం గారిని గురించి నాలుగు మాటలు రాయమని ఈ వీడ్కోలు సంచిక సంపాదకులు నన్ను కోరారు. చిన్న వయసులోనే తల నెరిసి అందరికీ 'మామ్మగారి'నైపోయిన నేను, సభామందిరం తలుపు దగ్గర కాపలా స్టూలు మీద కూర్చుని కళ్ళారా చూసిందే ఇక్కడ విన్నవిస్తున్నాను.

ఆ సోమవారం ఆవిడ చేతిలో తాడు కట్టిన అట్టపెట్టె ఒకటి ఉంది. "ఏముందమ్మా అందులో?" అంటే, "నా సినిమా మామ్మగారూ" అన్నారు. అంతకుముందు యానిమేషన్ స్టూడియోలో బొమ్మలు గీసేవారట. గడియారాలు బాగుచేసే ముసలాయన ఒకడు, కళ్ళజోడు నుదుటి మీదే పెట్టుకుని దానికోసం కొట్టంతా తిరగేస్తాడు. అదీ కథ. సగం కూడా గీయలేదు. "ఒక్క ఏడాది ఈ ఉద్యోగం చేసి, మళ్ళీ దీని ముందు కూర్చుంటాను" అన్నారు. ఆ ఒక్క ఏడాదీ ఇదిగో, ఈ నెలాఖరుకి పూర్తవుతోంది.

రాతి విగ్రహాల మీద ఉపన్యాసాలకు కుర్చీలే శ్రోతలైన ఆ కాలంలో, బొమ్మల కథలు వేసే చిత్రకారులనూ యానిమేషన్ కళాకారులనూ ఆహ్వానించి ప్రతి శనివారం తరగతులు నడపాలని సంకల్పించిన ధీమంతురాలు ఆవిడ. "ఇది మ్యూజియమా, పిల్లల బడా?" అని అప్పటి పెద్దాఫీసరు గారు చిరాకుపడ్డారు. "గోడల మీది పాత చిత్రాలూ ఆనాటివాళ్ళకి బొమ్మల కథలేనండీ, మాటల బుడగలు లేవంతే" అని సవినయంగా మనవి చేసి, ఆయనచేతే సంతకం పెట్టించుకున్నారు. జనాన్ని చూస్తే నోరు పెగలని చిత్రకారుడొకరు వస్తే, ఆయన్ని జనానికి వీపు పెట్టి బోర్డు వైపు కూర్చోబెట్టి, గీస్తూ మాట్లాడమన్నారు. ఇక ఆయన్ని ఆపడం మా తరం కాలేదు! పిల్లలు ఆవిడకు 'శనివారం మేడం' అని పేరు పెట్టారు. మిగతా రోజుల్లో కూడా ఆవిడ ఉంటారని వాళ్ళకు తెలియదు పాపం.

ఒక శనివారం రావలసిన కళాకారుడి రైలు ఆలస్యమైంది. హాలు నిండా పిల్లలు, వాళ్ళ వెనక గడియారం చూసుకునే తల్లిదండ్రులు. మేడం గారు లోపలికెళ్ళి ఆ అట్టపెట్టె తెచ్చి, అడుగున దీపం వెలిగే గాజు బల్ల ముందు కూర్చున్నారు. ఒక కాగితం మీద ఇంకో కాగితం పెట్టి, ముసలాయన చెయ్యి నుదుటి వైపు లేవడం గీయసాగారు. మధ్యమధ్య కాగితాలు వేళ్ళతో చకచకా ఆడిస్తే, ఆ చెయ్యి నిజంగానే లేచేది. గడియారం చూసుకునే తల్లిదండ్రులు కూడా మెడలు చాచి ముందుకు వంగారు. నాకు అప్పటికి పదేళ్ళుగా తెలిసిన మనిషి ముఖం ఆ బల్ల వెలుగులో కొత్తగా కనిపించింది. ఇంతలో కళాకారుడు రొప్పుకుంటూ రానే వచ్చాడు. ఆవిడ వెంటనే లేచి తన కుర్చీ, తన పెన్సిలు ఆయనకిచ్చేశారు.

"మేడం, కళ్ళజోడు దొరికిందా లేదా?" అని ఒక పిల్ల అరిచింది.

"వచ్చే శనివారం చెబుతాలే."

వచ్చే శనివారానికి ఇంకొక కళాకారుడు, ఆ పై శనివారానికి మరొకరు. పందిరి వేసినవాళ్ళకు పెళ్ళి చూసే తీరికేదీ? ఇన్నేళ్ళ కార్యక్రమ పత్రాల్లో ఆవిడ పేరు ఎప్పుడూ అట్టడుగున 'ఏర్పాట్లు' అన్నచోటే ఉండేది. ఒక్కసారి ఆ పేరు పైన వేద్దామని ఇంతమందిమి ఉండీ ఎవరికీ తోచలేదు. మొన్న వాళ్ళమ్మాయి వీడ్కోలు సభకు ఫొటోలు ఇవ్వడానికి వచ్చి, "అమ్మ బొమ్మలు గీస్తుందా మామ్మగారూ? నేనెప్పుడూ చూడలేదే!" అంది.

నిన్న ఆవిడ బల్ల సర్దుకుంటుంటే అడిగాను, "ఇకనైనా గీస్తారా అమ్మా?" అని.

"బొమ్మచేత ఒక్కసారి కన్నార్పించడానికే బోలెడు కాగితాలు మామ్మగారూ. చూపు తగ్గింది, వేలు బిగుసుకుంటోంది. ఇప్పుడు మొదలెడితే ఎప్పటికయ్యేను?"

"అయినప్పుడే అవుతుంది. ఎవరు తరుముతున్నారు?"

ఆవిడ నవ్వారు గానీ, ఆ నవ్వు కళ్ళదాకా రాలేదు.

మేడం గారూ, చిరాయువు కలగాలని ఇలాంటి సంచికల్లో అందరూ రాస్తారు, మర్యాద కోసం. నేను అవసరం కొద్దీ రాస్తున్నాను. అంత నిదానంగా సాగే పని చేతిలో పెట్టుకున్నవారికి ఆయుష్షు నిండుగా కావాలి. కళ్ళు, వేళ్ళు, నడుము సహకరించాలి. ఇంట్లోవాళ్ళు పిలిచినా పలకనంత తీరిక దొరకాలి. అవన్నీ మీకు సమృద్ధిగా సమకూరాలని మనసారా కోరుకుంటున్నాను. మాకు ఎంత బెంగగా ఉన్నా సరే, మీరు మాత్రం శనివారాలు ఇటు రాకండి. వచ్చారంటే, ఎవరో ఒకరికి కుర్చీ వేస్తూ ఉండిపోతారు.