అంచు మీది అంకె

అమెరికాలోని ఫాయెట్‌విల్‌లో కమాండో దళాలు తమ సైనికులకిచ్చే గుర్తు నాణేలు సేకరించే ముసలాయన కొట్టు అది. పోయిన భర్త జేబులో దొరికిన నాణేన్ని అమ్మేద్దామని ఒకావిడ వచ్చింది.

"అంచు మీద తొంభై ఏడని ఉందమ్మా. ఈ దళంలో ఒక్కో మనిషికి ఒక్కో అంకె. మీ ఆయనది ఇదేనా?"

"కాదే! ఆయనది రెండొందల పన్నెండు. మా గేటు తాళానికీ అదే పెట్టారు."

"మరి ఇదెవరిది?"

"నాకేం తెలుసు? బార్లో దళం వాళ్లంతా ఠపీమని నాణేలు బల్ల మీద పెట్టేవాళ్లు. చూపించలేనివాడు అందరికీ తాగించాలట. ఇది జేబులో ఉంచుకునే, లేదని చెప్పి ప్రతిసారీ ఈయనే తాగించేవారు. పిచ్చా అని తిట్టేదాన్ని."

"వేరేవాళ్ల నాణెం తనదని చూపించకూడదమ్మా. దళంలో ఆయన స్నేహితుడెవరైనా పోయాడా?"

"లానీ పోయాడు. శవపేటికలో చెయ్యి పెట్టి ఈయన ఎంతసేపటికీ బయటికి తియ్యలేదు. ఏదైనా పెడుతున్నారో, తీసుకుంటున్నారో నాకిప్పటికీ అర్థం కాలేదు."

ముసలాయన నాణేన్ని ఆవిడ అరచేతిలో పెట్టి, వేళ్లు మూశాడు.

"రెండూనమ్మా."