స్వామి దయవల్ల మొలిచిన జుట్టు

"దేవుడికి ఇవ్వడానికి అసలు మీ తలమీద ఏముందని వెళ్లారండీ?"

"ఉన్నదే ఇచ్చాను ఛాయా."

"వెనకాల కాస్త, చెవుల పక్కన కాస్త. ఆ మాత్రానికి తిరుపతి దాకా ఎందుకు? మన పటమట వీధి చివర షాపులో ఇచ్చినా స్వామి ఏమనుకునేవాడు కాదు."

"మొక్కు మొక్కే. ఎంత ఇచ్చామని కాదు."

"మొక్కా? మీకా? పెళ్లయినప్పట్నించీ నాతో దుర్గమ్మ కొండ కూడా ఎక్కలేదు. కింద స్కూటరు దగ్గర నిలబడి పేపరు చదువుకునేవారు."

"మనిషి మారకూడదా?"

"మారచ్చు. లడ్డూ ఏదీ?"

"అయిపోయాయి."

"తిరుపతిలో లడ్డూలు అయిపోయాయి."

"నా వంతు వచ్చేసరికి అయిపోయాయి. రద్దీ."

"నుదురెందుకు అలా ఉబ్బింది?"

"కొండమీద చలి."

"చలికి ముక్కు కారుద్ది గానీ నుదురు ఉబ్బుద్దా? ఏదీ, ఆ టోపీ తియ్యండి ఒకసారి."

"తియ్యకూడదు."

"ఎవరన్నారు?"

"డాక్... అక్కడ పూజారిగారు. కొన్నాళ్లు ఎండ తగలనివ్వద్దన్నారు."

"పూజారిగారు."

"పూజారిగారే."

హర్షవర్ధన్ బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ఇంటర్ కాలేజీలో ఫిజిక్సు చెప్తాడు. ముప్ఫై దాటకముందే నుదురు నడినెత్తి దాకా వెళ్లిపోయింది. ఆ సంవత్సరం, అంటే రెండు వేల ఐదులో, యాజమాన్యం సర్కిల్లో పెద్ద బోర్డు పెట్టి లెక్చరర్ల ఫొటోలు వేయిద్దామనుకుంది. హర్షవర్ధన్ గారిని కాస్త వెనక వరసలో వేద్దామని ప్రిన్సిపాలు మర్యాదగానే అన్నాడు. అందరూ నవ్వారు. అతను కూడా నవ్వాడు. డిసెంబరు సెలవుల్లో ఎవరికీ చెప్పకుండా హైదరాబాదు వెళ్లి, తల వెనక నుంచి చర్మంతో సహా జుట్టు ఒక పట్టీలా కోయించుకుని, ఆ కుదుళ్లను ముందువైపు ఒక్కొక్కటిగా నాటించుకుని వచ్చాడు. గుండుతో ఊళ్లో దిగితే తిరుపతా అని అడిగి వదిలేస్తారని అతని ధైర్యం. వీధిలో అందరూ అలాగే వదిలేశారు, ఇంట్లో ఆవిడ తప్ప.

ఆ ఆదివారమే ఛాయాదేవి అన్నయ్య వెంకటప్పయ్య కంకిపాడు అవతలి నుంచి కొత్త బియ్యం బస్తా ఆటోలో వేసుకుని వచ్చాడు. వరి పండించే మనిషి. అతని తలమీద జుట్టు పోయి చాలా కాలమైంది. ఎప్పుడూ పైన తువ్వాలు చుట్టుకుని ఉంటాడు.

"చక్కటి పని చేశారు బావగారూ. ఏం కోరుకున్నారు?"

"అది బయటికి చెప్పకూడదు కదండీ."

"ఇంకేం కోరుకుంటారన్నయ్యా. జుట్టే. జుట్టిచ్చి జుట్టడిగుంటారు."

"తప్పేముందమ్మాయ్. విత్తనమిచ్చి పంటడగడమేగా."

"గుప్పెడు విత్తనాలకి ఎకరం పంటా?"

"స్వామి తలుచుకుంటే ఎంత సేపు. మొలిస్తే చెప్పండి బావగారూ. నేనూ వెళ్లొస్తా."

"తప్పకుండా చెప్తానండీ."

నెల తిరిగేసరికి నాటిన జుట్టంతా రాలిపోయింది. హర్షవర్ధన్ బాత్రూములో కొళాయి తిప్పి, ఆ చప్పుడులో సెల్‌ఫోనులో డాక్టరును నిలదీశాడు. రాలడం మామూలే, కుదురు లోపలే ఉంటుంది, ఎండాకాలానికి మొలుస్తుంది, ఒత్తు రావాలంటే ఏడాది ఓపిక పట్టండి అని ఆ డాక్టరు చల్లగా చెప్పాడు. చెప్పినట్టే ఎండలు ముదిరేసరికి పసిపిల్లల జుట్టులా మెత్తగా మొలిచింది. వానలకు నల్లబడింది. దసరాకు దువ్వెన పట్టింది. ట్యూబులైటు కింద నిలబడితే మాడు ఇంకా తెల్లగా కనపడేది గానీ, నాలుగడుగుల దూరం నుంచి చూస్తే ఒత్తుగానే ఉండేది. బెంజ్ సర్కిల్ బోర్డు మీద కొత్త ఫొటో ముందు వరసలోకి వచ్చింది.

అడిగినవాళ్లందరికీ స్వామి దయ అని చెప్పాడు. ఆ మాట కంకిపాడు దాకా పోయింది. వెంకటప్పయ్య వెళ్లి గుండు చేయించుకుని వచ్చాడు. ఏమీ మొలవలేదు. శ్రద్ధ చాల్లేదనుకుని రెండోసారి అలిపిరి నుంచి కాలినడకన వెళ్లాడు. అప్పుడూ ఏమీ మొలవలేదు. మోకాళ్లు మాత్రం వాచాయి. మూడోసారి వెళ్తానని ఫోను చేశాడని విన్నాక హర్షవర్ధన్‌కు అన్నం సహించలేదు.

"ఇంక నా వల్ల కాదు ఛాయా. మీ అన్నయ్యతో చెప్పేస్తా."

"ఏం చెప్పేస్తారు?"

"ఆ మోకాళ్లతో మళ్లీ అన్ని మెట్లెక్కడం... పాపం కదా."

"ఎక్కనివ్వండి. ఒళ్లు తగ్గుద్ది."

"నువ్వు నవ్వుతావేంటి? నేను చెప్పేది విను. నేను అసలు తిరుపతి వెళ్లలేదు."

"తెలుసు."

"హైదరాబాదు వెళ్లాను. అక్కడ ఒక ఆసుపత్రిలో..."

"తెలుసండీ."

"ఏం తెలుసు?"

"మీరొచ్చిన మర్నాడు పొద్దున దిండు గలీబు ఉతకడానికి తీశాను. తల ఆనేచోట నెత్తురు మరకలు. మధ్యాహ్నం మీరు టోపీ తీసి బోర్లా పడుకుని గురక పెడుతుంటే వంగి చూశా. ఈ చెవి నుంచి ఆ చెవి దాకా కుట్లు. ముందరేమో ఆవాలు అద్దినట్టు చుక్కలు. తిరుపతి మంగలి అంత ఘోరంగా కోస్తే పేపర్లో వచ్చేది."

"మరి అడగలేదేం?"

"ముందురోజే అడిగాగా, లడ్డూ ఏదని."

"ఇన్నాళ్లూ తెలిసీ ఊరుకున్నావా?"

"ఎన్నాళ్లు ఆడతారో చూద్దామని. మీరు అద్దం ముందు నిలబడి ఒక్కో వెంట్రుకనీ పలకరిస్తుంటే నాకు పొద్దు తెలిసేది కాదు. మధ్యలో అన్నీ రాలిపోయినప్పుడు బాత్రూములోంచి కళ్లు ఎర్రగా చేసుకుని వచ్చారు చూడండి, అప్పుడు మాత్రం జాలేసింది. తెలుసని చెప్పేద్దామనుకున్నా."

"చెప్పాల్సింది."

"మీరు చెప్పాల్సింది. బోర్డు కోసమని ఒక్క మాటంటే నేనే వెంట వచ్చేదాన్ని. కుట్లకి మందు రాసేదాన్ని. నాకు చెప్తే ఏమైపోయేది?"

"నవ్వుతావనుకున్నా."

"నవ్వేదాన్నే. నవ్వుతూ రాసేదాన్ని."

"సరే. తప్పయిపోయింది. మీ అన్నయ్యకి మాత్రం రేపే ఫోను చేసి..."

"చెయ్యద్దు."

"ఎందుకని?"

"చెయ్యద్దంటున్నాగా."

"ఎందుకో చెప్పవేం?"

"మొన్న ఫోనులో అడిగాడు, బావగారికి మొలిచింది, నాకెందుకు మొలవట్లేదమ్మాయ్ అని. ఇంకొకరి సొత్తు కలుపుకున్నవాళ్ల తలనీలాలు స్వామి పుచ్చుకోడంటారన్నయ్యా, అన్నాను."

"ఎవరంటారు?"

"నేనే అంటాను."

"ఛాయా, మీ అన్నయ్య ఎవరి సొత్తు కలుపుకున్నాడు?"

"నాది."

"నీదా?"

"కాలవ పక్కన ఎకరం నాకని నాన్న నోటితో అన్నాడు. నాన్న పోయాక పాసుపుస్తకాల్లో పేరు మార్చాలి, సంతకం కావాలని అన్నయ్య కంకిపాడు తీసుకెళ్లాడు. పెట్టమన్నచోటల్లా పెట్టా. నా హక్కు వదులుకున్నానని రాసిన కాయితమది. ఆ సంగతి ఏడాది తర్వాత వదిన నోటమ్మట విన్నా. అప్పుడామె కందిపొడి పొట్లాలు కడుతోంది, మాటల్లో మాటగా అనేసింది. నేనూ పొట్లాలు పట్టుకుని బస్సెక్కి వచ్చేశా."

"నాకెప్పుడూ చెప్పలేదు."

"మీరు కాలేజీ గురించి, తల గురించి తప్ప ఏం విన్నారు గనక?"

"అది సరే. కానీ ఇది... మోసం కదా?"

"మోసమే. మీరు బోర్డు మీద ఫొటో కోసం దేవుణ్ణి వాడుకున్నారు. నేను మా నాన్న పొలం కోసం వాడుకుంటున్నా. మీదానికంటే నాది కాస్త నయం."

"పెద్దాయన మోకాళ్లు..."

"మోకాళ్లకి నేనే నూనె పంపిస్తా."

"మరి నన్నేం చేయమంటావ్?"

"ఏం చెయ్యక్కర్లా. అన్నయ్య వచ్చినప్పుడు ఎదురుగా కూర్చుని తల దువ్వుకోండి. మీకు అలవాటేగా."

వెంకటప్పయ్య మూడోసారి వెళ్లి వచ్చి, వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదట. తర్వాత భార్య కనకలక్ష్మిని పిలిచి, స్వామి కలలో కనపడి నీ చెల్లెలి భూమి నీ దగ్గర ఉండగా నీ నీలాలు నాకెందుకని అడిగాడని చెప్పాడట. రింగురోడ్డు వస్తుందన్న వార్తతో ఆ కాలవ పక్క పొలం ధర అప్పటికే ఎక్కడికో పోయింది. కొడుకులిద్దరూ ఇల్లు ఎగిరిపోయేలా అరిచారు. కనకలక్ష్మి మొదట ఏడ్చింది. కానీ దీపం పెట్టనిదే పొయ్యి వెలిగించని మనిషి ఆమె. స్వామి నోరు తెరిచి అడిగాక ఇవ్వనంటే పిల్లలకేమవుతుందోనని రెండు రోజులకు భయపడింది. మూడో రోజు తనే కొడుకుల నోళ్లు మూయించింది.

మరుసటి ఏడాది కార్తీకంలో కంకిపాడులో రిజిస్ట్రేషను జరిగింది. ఎకరం ఛాయాదేవి పేరు మీదికి వచ్చింది. ఆఫీసు మెట్లు దిగేటప్పుడు ఆమె మొహంలో వెలుగు దాచుకోలేక కొంగుతో నోరు తుడుచుకుంటూ వచ్చింది. తర్వాత వదినామరదళ్లు ఇద్దరూ పసుపు కుంకుమలు కొనడానికి బజారులోకి వెళ్లారు. హర్షవర్ధన్, వెంకటప్పయ్య ఎదురుగా సోడాబండి దగ్గర నిలబడ్డారు. హర్షవర్ధన్ సోడా తాగకుండా చేతిలోనే పట్టుకున్నాడు.

"బావగారూ, మీకొక మాట చెప్పాలి."

"చెప్పండి."

"చెప్తే మీరు కోప్పడతారు. కోప్పడాలి కూడా."

"నిమ్మకాయ పిండించమంటారా అందులో?"

"నా జుట్టు స్వామి ఇచ్చింది కాదండీ."

"ఊఁ."

"నేను తిరుపతి వెళ్లలేదు. హైదరాబాదులో..."

"నాటించుకున్నారు."

"మీకు... మీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి బావా. మీకంటే ఏడాది ముందే నేనూ వెళ్లొచ్చా ఆ పనిమీద. కనకానికి కూడా తెలీదు. పురుగుమందుల మీటింగని చెప్పి రైలెక్కా. ఆ డాక్టరు నా తలకాయ అటూ ఇటూ తిప్పి చూసి, నీకు వెనకాల కూడా పల్చబడిపోయిందయ్యా, నారే లేకపోతే ఎక్కణ్ణించి పీకి ఎక్కడ నాటమంటావని పంపించేశాడు. నలుగురిలో అన్నాడు. అక్కడున్న నర్సు పిల్లలు కిసుక్కున నవ్వారు."

"అయితే నన్ను చూడగానే..."

"అప్పుడు అనుమానమే. మొలిచాక తేలిపోయింది. స్వామి మొలిపిస్తే వరసలు కట్టి మొలిపిస్తాడా? మా ఊడ్పుల్లోనే అంత సాఫీగా రావు. కాస్త పల్చగా పడింది గానీ, బాగానే చేశాడు."

"ఇంత తెలిసీ, ఆ మోకాళ్లతో మూడుసార్లు కొండెందుకు ఎక్కారండీ?"

"మీ అక్క కనకం చూడాలిగా, పిల్లలు చూడాలిగా. ఛాయ పొలం ఛాయకిచ్చేద్దామని నేను నోరు తెరిచినప్పుడల్లా కంచం ముందు గొడవే. వాళ్ల మాట విని ఆ సంతకం పెట్టించిన రోజు నుంచీ ఇంట్లో నా మాట చెల్లింది లేదు. నేనడిగితే ఇవ్వరు. స్వామి అడిగితే ఎవరు కాదంటారు?"

"మరి ఛాయ ఫోనులో చెప్పిన మాట... సొత్తు కలుపుకున్నవాళ్ల తలనీలాలని..."

"అది నాకు పనికొచ్చింది. కలలో స్వామి చేత అదే అనిపించా."

"అది తను కల్పించిందండీ."

"తెలుసయ్యా. అబద్ధమాడితే దాని గొంతు సన్నబడుద్ది, చిన్నప్పట్నించీ అంతే. అటువైపు నవ్వాపుకుంటా ఉంది, నాకు వినపడతానే ఉంది."

"పదండి, ఇప్పుడే చెప్దాం. మీరు మనస్ఫూర్తిగా ఇచ్చారని తెలిస్తే ఎంత సంతోషిస్తుందో. ఇన్నేళ్లూ మిమ్మల్ని..."

"వద్దు బావా. నేనిచ్చానని తెలిస్తే అది అన్నయ్య పెట్టిన ఎకరం. నన్ను బోల్తా కొట్టించి రాబట్టాననుకున్నన్నాళ్లే, అది తనది."