శ్రావణ శుక్రవారం గోడ మీద పెట్టిన సంచి

నా పేరు వసుంధర. మా నాయన పేరు చెన్నకేశవులు, ధర్మవరంలో పట్టుచీరల మగ్గం నేస్తాడు. నాకు ఇరవై ఏళ్ళు. హిందూపురంలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. రెండు గదుల అద్దె ఇంట్లో ఒక్కదాన్నే ఉంటున్నాను. మే నెల వరకు మా అవ్వ నాతో ఉండేది. ఆమె చనిపోయింది.

ఈ రోజు 2025 సెప్టెంబరు 1, సోమవారం, ఉదయం పదకొండు గంటలకు హిందూపురం కోర్టులో మేజిస్ట్రేటు గారి ఎదుట ప్రమాణం చేసి చెబుతున్నాను. ఎవరైనా బలవంతం చేశారా అని మేజిస్ట్రేటు అమ్మగారు అడిగారు. లేదన్నాను. చెప్పమని ఎవరూ అనలేదు. వద్దన్నవాళ్ళే ఉన్నారు. ఆరోగ్యం బాగుందా, పొద్దున తిన్నావా అని కూడా అడిగారు. బాగుంది, తిన్నాను అన్నాను.

కేసు రాబియా మీద. ఆమె మా వీధిలో తోపుడు బండి మీద చెత్త తీసుకుపోయేది. ఆగస్టు 22వ తేదీ, శుక్రవారం పొద్దున, ఐదిళ్ళ ముందు పెట్టిన చెత్తను ఆమె దొంగిలించిందని చెత్త కాంట్రాక్టు కంపెనీ సూపర్‌వైజరు మంజునాథ్ ఫిర్యాదు ఇచ్చాడు. ఆ ఐదిళ్ళలో ఒకటి మాది. కేసు రుజువైతే ఆమె బండి ఆమెకు తిరిగి రాదు, మా వీధిలో ఆమె అడుగు పెట్టడానికి ఉండదు. అందుకే వచ్చాను.

రాబియా నాకు మూడేళ్ళుగా తెలుసు. ఆమె ప్రతి ఇంటి ముందూ ఒకే కేక వేయదు. ఇంటికో పిలుపు. మా గేటు దగ్గర "అవ్వోయ్" అనేది. అవ్వ పోయిన తర్వాత రెండు రోజులు బండి మా గేటు ముందు ఆగింది కానీ పిలుపు రాలేదు. మూడో రోజు "పాపోయ్" అంది. ఆ రోజు నుంచి నాకు అదే పిలుపు.

అప్పటి నుంచి పొద్దున పూట నాతో మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే. ఆమె నా చెత్తబుట్ట తీసుకొని అందులోకి చూసేది.

"ఏం పాపా, రాత్రి వంట చేసుకోలేదా? ఉల్లిపొట్టు గూడా లేదే."

"కాలేజీలో తిన్నాలే."

"కాలేజీలో తిన్నానని నోరు చెప్తాండాది. బుట్ట ఇంకోటి చెప్తాండాది."

చెత్త లేని ఇంటి ముందు ఆమె బండి ఆగదు. ఒక్క మనిషి ఇంట్లో రోజూ చెత్త ఉండదు. చెత్త లేని రోజుల్లో నేను పాత పేపర్లు చించి బుట్టలో వేసేదాన్ని. అది ఆమెకు తెలుసు. "మల్లా పేపర్లు చించినావా? చదువుకొనే పిల్లవు, చదివి చించు" అని నవ్వేది.

ఇప్పుడు మా వీధి శుక్రవారం గురించి చెప్పాలి. అది చెప్పకపోతే ఈ కేసు అర్థం కాదు.

శుక్రవారం తలంటుకొని దీపం పెట్టిన తర్వాత మా వీధిలో ఏ ఇంట్లోంచీ ఏదీ బయటికి ఇవ్వరు. చెత్త కూడా ఇవ్వరు. దీపానికి ముందే చెత్త బయటికి పోవాలి. అదీ గడప దాటించి ఒకరి చేతిలో పెట్టకూడదు. లక్ష్మి వాళ్ళ వెంట పోతుందంటారు. అందుకని తెల్లవారగానే సంచి కట్టి గేటు పక్క గోడ మీద పెడతారు. రాబియా ఆరు గంటలకు వచ్చి తీసుకుపోతుంది. "మీ లచ్చిమి నా బండెక్కి యాడికి పోతాదమ్మా? పాత సామాన్ల గుజిరీ అంగడికే గదా" అని అవ్వను ఆటపట్టించేది. "అందుకే నీ చేతికియ్యను, గోడకిస్తాను" అని అవ్వ అనేది.

రాబియా అందరికీ ఒకటి నేర్పింది. సంచిలో పగిలిన గాజు ఉంటే దాని మూతికి ఒక గుడ్డపీలిక కట్టాలి. ఆమె వట్టి చేతులతో ఏరుతుంది. పీలిక చూస్తే జాగ్రత్తపడుతుంది.

ఏప్రిల్‌లో మా వార్డు సచివాలయంలో మీటింగు పెట్టారు. అవ్వ, నేను, రాబియా వెళ్ళాం. అక్కడ అధికారి చెత్త కాంట్రాక్టు గురించి వివరించారు. ఊరిని భాగాలు చేసి ఒక్కో భాగాన్ని టెండరు ద్వారా ఒక్కో కంపెనీకి కొన్నేళ్ళకు అప్పగిస్తారు. ఆ భాగంలో ఇంటింటి చెత్త తీసే హక్కు ఆ కంపెనీకే, బాధ్యతా దానిదే. ప్లాస్టిక్కు, అట్టలు, ఇనుము అమ్ముకోగా వచ్చేది కూడా దానిదే. అందువల్లే ఇళ్ళ మీద రుసుము తగ్గుతుందన్నారు. గేటు బయట పెట్టిన చెత్త కంపెనీ సొత్తు అవుతుందని, వేరేవాళ్ళకు ఇస్తే జరిమానా ఉంటుందని చదివి వినిపించారు. అందులో నాకు అన్యాయం ఏమీ కనిపించలేదు. ఊరు శుభ్రంగా ఉంటుందని కూడా అనుకున్నాను.

రాబియా లేచి, "మరి నేనో సార్?" అని అడిగింది.

పాత బండ్లవాళ్ళను కంపెనీ పనిలోకి తీసుకుంటుందని అధికారి చెప్పారు. పక్కనే ఉన్న మంజునాథ్, "యాభై దాటినోళ్ళకు ఇన్సూరెన్సు రాదమ్మా, ఏమీ అనుకోవద్దు" అన్నాడు. రాబియాకు యాభై దాటి చాలా కాలమైంది. ఆమె కూర్చుంది.

తర్వాత అవ్వ లేచింది. "శుక్రవారం బండి ఎన్ని గంటలకొస్తాదప్పా?"

"రోజూ ఒకటే టైమవ్వా. ఎనిమిదికి."

"ఎనిమిదికి దీపం పెట్టేసింటామే. దీపం పెట్టినాక మేము చెత్త ఇయ్యం."

"చెత్తకు శుక్రవారమేమవ్వా! చెత్తకు అన్ని వారాలూ ఒకటే" అన్నాడు మంజునాథ్. అందరూ నవ్వారు. అవ్వ కూడా నవ్వింది. రాబియా నవ్వలేదు. ఆ మాట అక్కడితో పోయింది.

జూలై మొదటి వారం నుంచి కంపెనీ బండి వస్తోంది. దూరం నుంచే పాట వినిపిస్తుంది. ఒకతను దిగి గేటుకు అంటించిన స్టిక్కరు మీద ఫోను పెడతాడు, టక్కున చప్పుడవుతుంది. బుట్ట తిరగేసి పోతాడు. వాళ్ళు మంచివాళ్ళే. వాళ్ళకు వీధులు ఎక్కువ, సమయం తక్కువ. నా బుట్ట నిండా ఉన్నా, ఖాళీగా ఉన్నా, ఆ చప్పుడు ఒకటే.

మిగతా రోజుల్లో వీధిలో అందరూ బండికే ఇచ్చారు. నేనూ ఇచ్చాను. శుక్రవారం మాత్రం ఎవరూ మారలేదు. ఆరు గంటలకు గోడల మీద సంచులు ఉండేవి, రాబియా వచ్చేది. వారంలో ఆమెకు మిగిలింది ఆ ఒక్క పూట. నాకూ అంతే.

ఆగస్టు 22 శ్రావణమాసంలో చివరి శుక్రవారం. ప్రతి ఏడూ ఆ రోజు అవ్వ పూర్ణం పెట్టి ఓళిగలు చేసి స్టీలు డబ్బాలో పెట్టి, పసుపు రంగు గుడ్డసంచిలో వేసి, రాబియా కోసం గోడ మీద పెట్టేది. ఈసారి నేను చేశాను. అంతకు ముందు ఎప్పుడూ చేయలేదు. చాలా వరకు చినిగిపోయాయి. బాగున్నవి ఏరి అవ్వ డబ్బాలోనే పెట్టాను. ఆరు గంటలకు చెత్త కవరు, దాని పక్కన పసుపు సంచి, రెండూ గోడ మీద పెట్టి స్నానానికి వెళ్ళాను.

తల తుడుచుకుంటుండగా కేకలు వినిపించాయి. బయటికి వచ్చాను. రాబియా బండి మా గేటు ముందు ఉంది. అందులో ఐదిళ్ళ సంచులున్నాయి. మా పసుపు సంచి ఆమె చేతిలో ఉంది. మంజునాథ్ ఫోనులో వీడియో తీస్తున్నాడు. అతని వెనక కంపెనీ బండి ఉంది. ఆ రోజు అది ఆరింటికే వచ్చింది.

"ఏమ్మా, యాడికి తీసుకపోతాండావు ఇదంతా?"

"రోజూ పోయే తావుకే సామీ."

"ఇది కంపెనీ మాలు. గేటు దాటినాక మాదే."

"ఈ కుళ్ళిన వంకాయలు మీవా? తీసుకో అబ్బా, ఇంటికాడ కూర చేపించుకో."

పక్కింటి అలివేలమ్మ గారు గోడ మీదుగా చూస్తున్నారు. ఆమె నవ్వారు. నవ్వు విని మంజునాథ్‌కు కోపం వచ్చింది. బండిలోని సంచులన్నీ తీసి కంపెనీ బండిలోకి విసిరాడు. పసుపు సంచి లాక్కున్నాడు.

"అది చెత్త కాదు. నేను ఆమెకు పెట్టిన తిండి" అని చెప్పాను.

"గోడ మీద ఉండె కదా? వీడియోలో ఉండాది చూడు" అన్నాడు. అదీ విసిరాడు. బండిలో చెత్తను నొక్కే యంత్రం తిరుగుతోంది. డబ్బా నలిగిన చప్పుడు నాకు వినిపించింది. రాబియాకూ వినిపించింది.

అప్పటిదాకా గట్టిగా మాట్లాడిన ఆమె మెల్లగా అడిగింది.

"ఏముండె పాపా దాంట్లో?"

"ఓళిగలు."

"అవ్వ చేసే మాదిరివా?"

"నేను చేసినా. చినిగిపోయినాయి."

"చినిగితే ఏమి" అంది.

తర్వాత పోలీసులు వచ్చి ఆమె తోపుడు బండిని స్టేషనుకు తీసుకెళ్ళారు. మధ్యాహ్నం ఇంటింటికీ వచ్చి అడిగినప్పుడు మిగతా నాలుగిళ్ళవాళ్ళూ, "కంపెనీ బండి కోసమే పెట్టినాం సార్, ఆమె ఎత్తుకుంటాదని మాకు తెలీదు" అన్నారు. జరిమానా భయం. నేను వాళ్ళను తప్పుపట్టను. సాయంత్రం అలివేలమ్మ గారు మా ఇంటికి వచ్చి, "నువ్వూ ఆ మాటే అను తల్లీ. ఒక్కదానివి ఉండేదానివి, నీకెందుకు?" అన్నారు. ఆమె మా ఇంట్లోకి రావడం అవ్వ పోయిన తర్వాత అదే మొదలు.

మా నాయనకు ఫోను చేశాను. "పోగు తెగితే ముడేసుకోవచ్చునమ్మా, కోర్టులో చెప్పిన మాటకు ముడి పడదు. ధర్మవరం వచ్చేయ్" అన్నాడు. మగ్గం చప్పుడులో ఆయన గొంతు సరిగా వినపడలేదు. పరీక్షలున్నాయని చెప్పాను.

24వ తేదీ ఆదివారం బస్సులో పెనుకొండ వెళ్ళాను. రాబియా అక్కడ కూతురు షాహిస్తా ఇంట్లో ఉంది. నేను సాక్ష్యం చెబుతానంటే ఒప్పుకోలేదు.

"వద్దు పాపా. నా బతుకు ఎట్లో పోతాది. నీ పేరు కోర్టులో యాలాడకూడదు."

ఈ మాట ఇక్కడ చెప్పడం ఎందుకంటే, ఆమె నేర్పితే నేను చెబుతున్నానని ఎవరైనా అనవచ్చు. ఆమె నాకు ఏమీ నేర్పలేదు. నేను బయలుదేరుతుంటే గుమ్మం దాకా వచ్చింది.

"తింటాండావా?"

"తింటాండా."

"ఈడ నీ బుట్ట నాకు కనపడదు గదా. నువ్వు చెప్పిందే నమ్మాల" అంది.

పోయిన గురువారం ఎస్.ఐ. నిర్మల గారు నన్ను పిలిపించి మంజునాథ్ తీసిన వీడియో చూపించారు. "నీ సంచిలో ఉండేది తిండి కదమ్మా. అంతవరకు చెప్పు, నీకే ఇబ్బందీ రాదు. మిగతావాళ్ళ సంచులతో నీకేం పని?" అన్నారు. నా మేలు కోరే అన్నారు. నేను ఇంటికి వచ్చి ఆలోచించాను. నేను అంతవరకే చెబితే, రాబియా మా గోడ మీద తిండి తీసుకుంది, మిగతా నాలుగు గోడల మీద దొంగతనం చేసింది అని అవుతుంది. కాబట్టి మొత్తం చెబుతున్నాను.

మా గోడ మీద పసుపు సంచి ఒక్కటే కాదు, దాని పక్కన పెట్టిన చెత్త కవరు కూడా నేను రాబియా కోసమే పెట్టాను. కంపెనీ బండికి పెట్టలేదు. నియమం తెలిసే పెట్టాను. జరిమానా వేస్తే కడతాను.

మిగతా ఇళ్ళవాళ్ళ మనసులో ఏముందో నేను చెప్పలేను. కనిపించింది చెబుతాను. ఆ వీడియోలో అలివేలమ్మ గారి సంచి మూతికి ఆకుపచ్చ గుడ్డపీలిక ఉంది. లోపల పగిలిన గాజు ఉందని దాని అర్థం. కంపెనీ బండికి చెత్త వేసే రోజుల్లో మా వీధిలో ఎవరూ పీలిక కట్టరు. యంత్రానికి చెయ్యి తెగదు. పీలిక కట్టింది వట్టి చేత్తో తీసే మనిషి కోసం. ఆ వీడియోను మరొకసారి చూడవలసిందిగా కోర్టువారిని కోరుతున్నాను.

ముద్దాయి నీకు ఏమవుతుందని అమ్మగారు అడిగారు. ఏమీ కాదని చెప్పాను. మరి ఎందుకు ఇంత దూరం వచ్చావని అడిగారు. బంధువు కాదు, మా కులం కాదు, మా ఊరు కాదు. నేను రాత్రి తిన్నానో లేదో ఈ ఊళ్ళో కనిపెట్టిన మనిషి ఆమె ఒక్కతే.

నేను చెప్పినదాన్ని రాసి, నాకు చదవడానికి ఇచ్చారు. మొదటి నుంచి చివరి వరకు చదువుకున్నాను. ఒకచోట దిద్దాలి. పొద్దున తిన్నానని మొదట్లో చెప్పాను. తినలేదు. ప్రమాణం చేసిన తర్వాత నేను ఆడిన అబద్ధం అదొక్కటే. దాన్ని కొట్టేసి రాసుకోమని మనవి చేస్తున్నాను. తక్కినదంతా నేను చేసినది చేసినట్టు, చూసినది చూసినట్టు, విన్నది విన్నట్టు చెప్పిన నిజం. దీనికి నేనే పూచీ.

(సంతకం)
వసుంధర
హిందూపురం, 1–9–2025